నేను కడిగేసిన పసుపు

మా అమ్మ బతికున్నంతకాలం చుట్టాలకు నేను డాక్టరునని చెప్పుకుంది. ఏం డాక్టరని ఎవరైనా నిలదీస్తే గొంతు కాస్త తగ్గించి, బొమ్మల డాక్టరనేది. అందులో అబద్ధమేమీ లేదు. పాత చిత్రపటాలు చిరిగితే అతకడం, రంగు పెచ్చులు లేస్తే అంటించడం, పొగా దుమ్మూ పట్టి నల్లబడితే శుభ్రం చేయడం నా వృత్తి. కౌలాలంపూర్‌లో ఒక ల్యాబులో ముప్ఫై మూడేళ్ళు ఆ పనే చేశాను. ఇప్పుడు నానారకాల యంత్రాలు వచ్చాయి. నా పనంతా దూది, పుల్ల, భూతద్దం, ఓపికలతో గడిచింది. వాటిలో ఓపిక మాత్రం ఎప్పుడూ అరువు తెచ్చుకున్నదేనని మా ఆవిడ అంటుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, మీరు చేసిన గొప్ప పని ఒకటి చెప్పండి సార్ అని అడుగుతుంటారు. గొప్ప పనుల గురించి నోటితో చెప్పడం దేనికి? అవి గోడలమీదే ఉన్నాయి, వెళ్ళి చూసుకోవచ్చు. చెప్పుకోవలసినవి తప్పులే. నాది ఒకటి చెబుతాను. అందులో నా చేతిపనికి వంక పెట్టేందుకు ఏమీ లేదు. ఎంత బాగా చేశానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు సంగతి. పెరాక్ నది సముద్రంలో కలిసేచోట, హుటాన్ మెలింటాంగ్ దాటాక, జాలర్ల పేటలో ఒక చిన్న కతోలిక చర్చి ఉంది. అక్కడికి కొత్తగా బదిలీ అయి వచ్చిన ఫాదర్ మాకు ఫోను చేశారు. చర్చి పక్కగోడకు ఒక పాత బొమ్మ ఉందనీ, నల్లబడిపోయి అందులో ఏముందో తెలియడం లేదనీ చెప్పారు. ఊళ్ళో వాళ్ళను అడిగితే ఏసుప్రభువంటున్నారట. ఆయన కంటికి మాత్రం చీకట్లో బోర్లించిన బల్లలా కనిపిస్తోందట. మా పెద్దావిడను ఒప్పించి ఆ బొమ్మను వ్యానులో తెప్పించాను. పెద్దావిడంటే మా ల్యాబు అధికారి. మలాయ్ ఆవిడ. అందరం పువాన్, అంటే మేడమ్, అని పిలిచేవాళ్ళం. కాగితాల విషయంలో ఆవిడ దగ్గర పప్పులుడకవు.

ఆరడుగుల వెడల్పున్న కాన్వాసు. ఎవరో మిషనరీ ఫాదర్ పూర్వం ఓడలో వెంట తెచ్చుకున్నారట. అసలు చిత్రం కాదు, పదిహేడో శతాబ్దపు స్పెయిన్ తరహా చిత్రానికి తర్వాతెప్పుడో గీసిన నకలు. నకలైనా చెయ్యి తిరిగినవాడు గీసింది. భూతద్దం పట్టుకుని అంగుళం అంగుళం చూసుకుంటూ పోతే రెండు రోజులకు విషయం తేలింది. క్రీస్తును స్తంభానికి కట్టి కొరడాలతో కొట్టడం అయిపోయింది. కట్లు విప్పేశారు, కొట్టినవాళ్ళు వెళ్ళిపోయారు. ఆయన మోకాళ్ళమీదా చేతులమీదా పాకుతూ, మూలన పడి ఉన్న తన బట్టలకోసం చెయ్యి చాస్తున్నాడు. ముఖం సగమే కనబడుతుంది. మనవైపు ఉన్నదంతా వీపే. పక్కన ఇద్దరు దేవదూతలు చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నారు.

సిలువ బొమ్మలు చాలా చూశాను గాని, బట్టలు వెతుక్కునే దేవుణ్ణి నా బల్లమీద చూడటం అదే మొదటిసారి. ఆ కాలపు చిత్రకారుల పద్ధతి అది. బరోక్ అంటారు. అంతకుముందు వాళ్ళు దేవుడి బాధను ఎత్తున పెట్టి, బంగారు పూత మధ్య చూపించేవారు. వీళ్ళు చుట్టూ చీకటి నింపి, ఒక పక్కనుంచి దీపం వెలుగు వేసి, దెబ్బలు తిన్న మనిషిని తెచ్చి మన కాళ్ళదగ్గర పడేశారు. చూసేవాడు చూసి ఊరుకోకూడదు, లోపల ఏదో కదలాలి, ఏదో ఒకటి చేయాలనిపించాలి. అందుకోసమే గీశారు వాటిని. ఇదంతా నేను యూరప్‌లో రెండేళ్ళుండి నేర్చుకుని వచ్చాను, పరీక్షల్లో రాశాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి.

బొమ్మంతా కొవ్వొత్తుల మసి పట్టి ఉంది. వీపుమీద మాత్రం అది వేరే రకంగా ఉంది. అక్కడ జిడ్డు పేరుకుని, దానిమీద దుమ్ము పట్టి, మళ్ళీ జిడ్డు, మళ్ళీ దుమ్ము, అలా అట్టకట్టింది. వాసన చూస్తే కొబ్బరినూనె. కొబ్బరినూనె ఎన్నాళ్ళయినా ఆరిపోదు, జిగటగానే ఉండి వచ్చిన దుమ్మునల్లా పట్టుకుంటుంది. అతినీలలోహిత దీపం కింద పెడితే ఆ జిడ్డంతా పచ్చగా మెరిసింది. మెరిసినచోటల్లా కింద ఒక గాయం ఉంది. గాయం లేనిచోట జిడ్డు దాదాపు లేదు. ఇదంతా శ్రద్ధగా ఫోటోలు తీసి ఫైలులో పెట్టాను. ఎవరో గాయాలు వెతికి వెతికి మరీ నూనె రాశారని ఆ ఫోటోలు గొంతు చించుకుని చెబుతున్నాయి. నేను వాటికింద నంబర్లు వేసుకున్నాను.

శుభ్రం చేయడానికి సబ్బులా కొంచెం క్షారమున్న ద్రావకం ఒకటి కలిపి, పుల్లకు దూది చుట్టి, భుజంమీది గాయం దగ్గర మొదలుపెట్టాను. నాలుగుసార్లు తిప్పి చూస్తే దూది ఎర్రగా ఉంది. ఎరుపు వచ్చిందంటే చిత్రకారుడు వేసిన రక్తం ఊడివస్తోందన్నమాట. మా వృత్తిలో అంతకు మించిన పాపం లేదు. వెంటనే పని ఆపేశాను. పుస్తకాలు తిరగేశాను, యూరప్‌లో నాకు చదువు చెప్పినాయనకు మెయిలు రాశాను. ఆయన నాలుగు కారణాలు రాసి పంపారు. వాటిలో ఒక్కటీ పొసగలేదు. మూడు రోజులు నాకు అన్నం సయించలేదు.

మూడో రోజు భోజనం దగ్గర మా ఆవిడతో చెప్పుకున్నాను. కొబ్బరినూనె, పచ్చని మెరుపు, సబ్బులాంటి నీళ్ళు, ఎర్రబడ్డ దూది. ఆవిడ పెరుగు వడ్డిస్తున్నదల్లా గరిటె ఆపి నాకేసి చూసింది.

"పసుపే, ఇంకేటి? పసుపులో సున్నం పడితే ఎర్రగా అవదా? ఇంత సదివినారు, ఆరతి నీళ్ళు ఎప్పుడూ సూడలేదేటి?"

మా సొంతూరు బంటింగ్‌లో, మా ఇంటికి ఏ బాలింత వచ్చినా, ఏ కొత్త పెళ్ళికూతురు గుమ్మంలో నిలబడినా, మా అమ్మ పళ్ళెంలో పసుపూ సున్నం కలిపి ఆ ఎర్రనీళ్ళతోనే దిష్టి తీసేది. ఆ పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడటం నా వంతు. మర్నాడు ల్యాబులో ఒక చుక్క పరీక్షించాను. పసుపే. చిత్రకారుడి రంగు చెక్కుచెదరలేదు. తప్పు చేయలేదన్న సంతోషంలో నాకు మరో ఆలోచన రాలేదు. పసుపు అని తేలిందే గాని, పసుపు ఎందుకు అని అడగలేదు. మన ఇళ్ళలో పిల్లాడు పడి మోకాలు చెక్కుకుపోతే కొబ్బరినూనెలో పసుపు కలిపి రాస్తారని నాకు తెలియదా? నా మోకాళ్ళమీద ఎన్నిసార్లు రాశారో లెక్కలేదు. అయినా నివేదికలో 'స్థానిక భక్తుల అలవాటువల్ల చేరిన మలినం' అని రాసి పారేశాను. చిన్నప్పుడు నేర్చుకున్నదానికి, పెద్దయ్యాక చదువుకున్నదానికి నా బుర్రలో వేరువేరు గదులుండేవి. మధ్యలో తలుపు లేదు.

నాలుగు నెలలు పట్టింది. జిడ్డు పొరలు ఒక్కొక్కటే లేచిపోయాయి. కింద రక్తం నిన్న కారినట్టు ఎర్రగా బయటపడింది. ఆ నూనె పొర కిందనే ఉండటంవల్ల కాబోలు, రంగు వెలిసిపోలేదు. కొరడా చర్మం తెంపుకుపోయిన అంచులు, నడుము మీదుగా జారిన ధార, భుజంమీద పచ్చిగా విచ్చుకున్న పెద్ద గాయం, అన్నీ స్పష్టంగా కనబడ్డాయి. ల్యాబులో అందరూ వచ్చి చూశారు. చట్రాలు చేసే మా చైనీస్ వడ్రంగి కాసేపు చూసి, తల తిప్పుకుని వెళ్ళిపోయాడు. అది కూడా నాకు మెచ్చుకోలుగానే తోచింది.

బొమ్మతోపాటు ఫాదర్‌కు సూచనలు పంపాను. బొమ్మ ముందు తాడు కట్టాలి, ఎవరూ ముట్టుకోకూడదు, నూనెలూ పసుపులూ దగ్గరకు రానివ్వకూడదు, వీలైతే అద్దం పెట్టించాలి. కింద నా సంతకం, పైన పువాన్ సంతకం. ఫాదర్ కొత్తవారు, పాపం, చెప్పినదల్లా చేశారు.

ఈస్టర్‌కు ముందు నలభై రోజులు వాళ్ళకు తపస్సు కాలం. క్రీస్తు పడిన బాధలు తలచుకుంటూ శుక్రవారం శుక్రవారం చర్చిలో ప్రార్థనలు చేస్తారు. ఆ మొదటి శుక్రవారమే బొమ్మమీద తెర తీశారు. నన్ను కూడా పిలిచారు. తెర తీయగానే జనం నుంచి ఒక్కసారి ఊపిరి లోపలికి పీల్చిన శబ్దం వచ్చింది. ఎవరో ఏడ్చారు. వెనకనుంచి ఒక ముసలావిడ, తెల్లచీర కట్టుకుని, నలుగురినీ తప్పించుకుంటూ తాడుదాకా వచ్చింది. బొమ్మకేసి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత వెనక్కి తిరిగి, ప్రార్థన మొదలుకాకముందే బయటికి వెళ్ళిపోయింది. మూడు నాలుగు వందల ఏళ్ళనాటి పద్ధతి ఇప్పటికీ ఎంత బలంగా పనిచేస్తోందో అనుకుని ఉబ్బిపోయాను. తిరుగు ప్రయాణంలో కారు నడుపుతూ పాటలు కూడా పాడుకున్నాను.

మూడు వారాలకు ఫాదర్ ఫోను చేశారు. ఎలా మొదలుపెట్టాలో తెలియక వాన గురించి కాసేపు మాట్లాడారు. చివరకు చెప్పారు, ఆ ముసలావిడ చర్చికి రావడం మానేసిందట. ఆదివారం ప్రార్థనకు కూడా రావడం లేదట. ఈయన ఇంటికే వెళ్ళి దివ్యప్రసాదం ఇవ్వబోతే, నోరు తెరవకుండా గోడవైపు తిరిగి కూర్చుందట. పేటలో ఆవిడ మాట విని మరో పదిమంది ఆడవాళ్ళు పక్కగోడవైపు చూడకుండా కూర్చుంటున్నారట. ఎనభై దాటిన మనిషి, ఈ కోపంతోనే పోతుందేమోనని ఆయన భయం. నన్ను తప్పుపట్టలేదు. ఒకసారి వచ్చి మాట్లాడగలరా అని మాత్రం అడిగారు.

వెళ్ళాను. రేవు పక్కన చెక్క ఇల్లు. ఆవిడ అరుగుమీద కూర్చుని ఎండు రొయ్యలు ఏరుతోంది. నేను తమిళంలో పలకరించి, ఎవరినో చెప్పుకున్నాను. నా తమిళం విని, ఏ ఊరువాళ్ళు, ఏ మనుషులు అని తమిళంలోనే ఆరా తీసింది. బంటింగ్ అనీ, తెలుగువాళ్ళమనీ, మా తాత తోటలో గుమాస్తా అనీ చెప్పాను. చేతిలో రొయ్య పక్కన పెట్టింది.

"తెలుగోడివా? కూకో" అంది.

ఆవిడది పక్కనే కొబ్బరితోటలో తెలుగు కుటుంబమట. పెళ్ళి తమిళ కతోలిక జాలరితో అయింది. తెలుగు మాట్లాడి ఎన్నేళ్ళయిందో తనకే గుర్తులేదట. ఒక్కో మాటకూ వెతుక్కుంటూ, దొరకని చోట తమిళం వేస్తూ మాట్లాడింది.

"బొమ్మ బాగా సేసినావు. పని తెలిసినోడివే" అంది. నేను తేలిగ్గా ఊపిరి తీసుకునేలోపల, "ఎందుకు సేసినావు?" అని అడిగింది.

నాకు తెలిసిన జవాబు చెప్పాను. నూనె జిడ్డుకు దుమ్ము పడుతుందనీ, అది రంగును తినేస్తుందనీ, ఇంకొన్నేళ్ళయితే బొమ్మే ఉండేది కాదనీ. మధ్యలో అడ్డుపడకుండా విన్నది. ఆ తర్వాత తన సంగతి చెప్పింది. గొంతు పెంచలేదు, కన్నీళ్ళు పెట్టుకోలేదు.

ఆవిడ అత్తగారి కాలంనుంచీ పేట ఆడవాళ్ళు తపస్సు కాలంలో ఆ వీపుమీద ఒక చుక్క కొబ్బరినూనె రాసేవారు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఈవిడ ఒక్కగానొక్క కొడుకు పడవలో పనిచేస్తుంటే, చొక్కా ఇంజిను పట్టీలో చిక్కుకుంది. వీపంతా చీరుకుపోయింది. ఆస్పత్రిలో పదకొండు రోజులున్నాడు. ఈవిడ ఇంట్లో పసుపు నూరి, కొబ్బరినూనెలో కలిపి, సీసాలో పోసి తీసుకెళ్ళింది. నర్సులు ముట్టుకోనివ్వలేదు. వాళ్ళ తప్పేమీ లేదని ఆవిడే అంది. అలాంటి గాయానికి ఇంటిమందు ఎవరు రాయనిస్తారు? పదకొండు రోజులూ సీసా చేత్తో పట్టుకుని మంచం పక్కన కూర్చుంది. పన్నెండో రోజు శవాన్ని తెచ్చుకుంది. పూడ్చిపెట్టి వచ్చాక సీసా అలాగే ఉంది. పారబోయడానికి చేతులు రాలేదు. చర్చికి వెళ్ళి, ఆ బొమ్మ వీపుమీద, ఒక్కో గాయం వెతుక్కుంటూ రాసింది.

అప్పటినుంచి తపస్సు కాలమని చూడలేదు, ప్రతి శుక్రవారం రాసింది. నా దూదికి అంటుకున్న పసుపంతా ఈవిడ ఒక్కతిదే.

"ఆ రెక్కల పిల్లలు సేతులు కట్టుకోని ఊరికే సూస్తన్నారు" అంది. "ఎవులో ఒకలు రాయాలి గదా."

చదువుకున్నవాణ్ణి గదా, ఊరుకోలేక, ఆ నలుపు బొమ్మను పూర్తిగా కప్పేసిందమ్మా అన్నాను.

"కప్పకపోతే ఎలాగ? మచ్చ పడితేనే గాయం మానినట్టు. మానిపోయినాయి నాయినా. నా సేత్తోటే మాన్పినాను. మొన్న గుడ్డ తీస్తే, ఇప్పుడే కొట్టి వదిలేసినట్టుంది. నేను మళ్ళీ ఆస్పత్రిలో కూకున్నట్టుంది."

తర్వాత ఎండు రొయ్యల పళ్ళెం మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. నేను లేచి వచ్చేశాను.

ఆ దారంతా నన్ను నేను తిట్టుకుంటూ వచ్చాను. దేవుడి బాధ చూసినవాడు ఏదో ఒకటి చేయకుండా ఉండలేకపోవాలని ఆ కాలపు చిత్రకారులు కోరుకున్నారని పరీక్షలో రాసినవాణ్ణి నేను. అలా చేసిన మనిషి ఒకావిడ ఇరవై ఎనిమిదేళ్ళుగా అక్కడ ఉంది. ఆవిడ చదువుకోలేదు, బరోక్ అన్న మాట వినలేదు. చిత్రకారుడు వేల మైళ్ళ అవతల ఎవరికోసం గీశాడో ఆ మనిషి పెరాక్ నది ఒడ్డున దొరికింది. ఆవిడ చేసినదాన్ని నేను మలినమని రాశాను. దేవదూతల్లో ఒకడిలా చేతులు కట్టుకుని చూస్తే అదొక తీరు. నేనైతే ఆవిడ కట్టిన కట్టు కూడా విప్పేశాను.

మర్నాడు పువాన్ దగ్గరికి వెళ్ళి, నా నివేదిక మార్చి రాస్తానన్నాను. తాడు తీసేయాలి, నూనే పసుపూ రాయనివ్వాలి. బొమ్మ పాడవకుండా వీపుమీద, తర్వాత తీసేయడానికి వీలుండే వార్నిష్ మందంగా వేస్తాను. పదేళ్ళకో పదిహేనేళ్ళకో ఆ వార్నిష్ మార్చుకోవచ్చు. ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. పాడుచేయడానికి అనుమతిస్తూ సంతకం పెట్టమంటున్నావా అని అడిగింది. అవునన్నాను. ఇదే పని నీ కింద పనిచేసేవాళ్ళు చేస్తానంటే ఒప్పుకునేవాడివా అంది. ఒప్పుకునేవాణ్ణి కాదన్నాను. పది రోజులు ఫైలు కదల్లేదు. ఆ పది రోజుల్లో మా మధ్య పలకరింపులు కూడా తగ్గిపోయాయి.

పదకొండో రోజు పిలిచింది. వాళ్ళ అమ్మ నమాజు చాప ఒకటి ఇంట్లో ఉందనీ, నుదురు ఆనేచోట నేత పూర్తిగా అరిగిపోయిందనీ, ఇరవై ఏళ్ళుగా ఇలాంటి వస్తువులు బాగుచేసే ఆఫీసులో ఉండి కూడా దాన్ని బాగుచేయించాలని ఎప్పుడూ అనుకోలేదనీ చెప్పింది. ఎందుకనుకోలేదో ఈ పది రోజులూ ఆలోచించిందట. సంతకం పెడతాను గాని ఒక షరతు అంది. అలవాటు అనే ఒక్క మాటతో తప్పించుకోకుండా, ఎవరు, ఎందుకు, ఎన్నాళ్ళు రాశారో ఉన్నదున్నట్టు రాయాలి. కడగడమన్న నిర్ణయం నాదనీ, అడగకుండా చేశాననీ కూడా రాయాలి. ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో నా నివేదికలన్నిటిలోకీ పొడుగైనది అదే. ఆ కొడుకు గురించి రాసిన పేరా నాలుగుసార్లు చించేశాను.

కాగితం పట్టుకుని, వార్నిష్ డబ్బాతో మళ్ళీ వెళ్ళాను. వీపుమీద పూత వేసి, ఫాదర్ చేత తాడు విప్పించాను. ఆయనే ఊళ్ళోవాళ్ళకు చెబుతానన్నారు. ముసలావిడకు మాత్రం నేనే చెప్పాలనుకుని ఆ చెక్క ఇంటికి వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. ప్రభుత్వ కాగితం ముందు పెట్టి, ఇకనుంచి ఎవరూ అడ్డుచెప్పరమ్మా, శుక్రవారం రండి, రాయండి అన్నాను.

ఆవిడ కాగితం ముట్టుకోలేదు.

"ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది" అంది. "ఇప్పుడు నాకు ఎనభై రెండు. మళ్ళీ మానేదాకా ఉంటానేటి?"

మా పనిలో ఒక గొప్ప సూత్రం నేర్పుతారు, ఏం చేసినా వెనక్కి తీసుకోగలిగేలా చేయాలని. వార్నిష్ వెనక్కి తీసుకోవచ్చు, జిగురు వెనక్కి తీసుకోవచ్చు. ఆవిడ శుక్రవారాలు పద్నాలుగు వందలకు పైనే, ఒక్కొక్కటీ నా దూదికి అంటించి చెత్తబుట్టలో వేశాను. క్షమించమ్మా అన్నాను. అప్పటిదాకా ఆ మాట అనలేదని అన్నాకే గుర్తొచ్చింది. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వారంలో వచ్చింది తపస్సు కాలపు ఆఖరి శుక్రవారాల్లో ఒకటి. ఆగిపొమ్మని ఎవరూ అనలేదు గాని, హుటాన్ మెలింటాంగ్‌లో ఒక లాడ్జిలో ఉండిపోయాను. సాయంత్రం చర్చికి వెళ్ళి వెనక బల్లమీద కూర్చున్నాను. ప్రార్థన తమిళంలో సాగింది. క్రీస్తు సిలువ మోసిన దారిలో ఒక్కో ఘట్టం చదివినప్పుడల్లా జనం మోకరిస్తున్నారు, లేస్తున్నారు. ఎప్పుడు మోకరించాలో తెలియక నేను ప్రతిసారీ ఒక క్షణం ఆలస్యమయ్యాను. ఆవిడ రాలేదు. ప్రార్థన ముగిసింది. ఆడవాళ్ళు కొందరు బొమ్మ దగ్గర గుమిగూడారు గాని ఎవరూ చెయ్యి చాచలేదు. తలుపువైపు చూస్తూ నిలబడ్డారు.

అప్పుడు వచ్చింది. తెల్లచీర, చేతిలో చిన్న స్టీలు గిన్నె. ఆడవాళ్ళు దారి ఇచ్చారు. బొమ్మ ముందు నిలబడి చాలాసేపు చూసింది. ఆవిడ చూపు భుజంమీది పెద్ద గాయం దగ్గరే ఉంది. గిన్నెలో వేలు ముంచింది. వేలు గాయందాకా వెళ్ళి, తగలకుండా ఆగిపోయి, వెనక్కి వచ్చింది. రెండోసారీ అంతే. పచ్చి గాయంమీద చెయ్యి వేయలేకపోతోందని నాకు అర్థమైంది. మానినదానిమీద రాయడం వేరు.

ఆవిడ వెనక్కి తిరిగి చర్చంతా వెతికి నన్ను చూసింది.

"ఇలా రా" అంది. నేను దగ్గరకు వెళ్ళాక గిన్నె నా చేతిలో పెట్టింది. "నువ్వు తెరిచినావు. నువ్వే మొదలెట్టు."

అన్నేళ్ళ ఉద్యోగంలో ఏ చిత్రాన్నీ వట్టి చేత్తో తాకలేదు. అలవాటు ఎక్కడికి పోతుంది, జేబులోంచి దూది చుట్టిన పుల్ల తీశాను. ఆవిడ నా చేతిమీద చిన్నగా కొట్టింది.

"వేలితో."

పుల్ల జేబులో పెట్టేశాను. ఉంగరపు వేలు గిన్నెలో ముంచాను. నూనె వెచ్చగా ఉంది, ఇంటి దగ్గర కాచి తెచ్చింది కాబోలు. భుజంమీది గాయం పై అంచున వేలు ఆనించి కిందికి రాయబోయాను. పుల్లకు అలవాటు పడ్డ చెయ్యి కాస్త గట్టిగా ఆనింది. పక్కన ముసలావిడ ఊపిరి పీల్చింది, ఆ దెబ్బ తనకే తగిలినట్టు.

"మెల్లగా, నాయినా" అంది. "అక్కడ నొప్పి ఎక్కువ."

మెల్లగా రాశాను.